నోటు పుస్తకం తేవడం మానేసిన రోజు: సమర్థులైన ఉద్యోగులను నిలుపుకోవడం ఎలా?

నేను బాధ్యత వహించిన ఒక బృందంలో సీనియర్ ఇంజినీరు ఒకరు ప్రతి సోమవారం సమీక్షకు ఒక నోటు పుస్తకం తెచ్చుకునేవారు. అందులో ఆమె ముందుగా రాసుకొచ్చిన మూడు నాలుగు ప్రశ్నలు ఉండేవి. గడువు ఎందుకు ముందుకు జరిగింది, పరీక్షలు పూర్తికాకుండానే పని ఎందుకు అప్పగిస్తున్నాం, ఫలానా నిర్ణయం ఎవరిని సంప్రదించి తీసుకున్నారు అని ఆమె అడిగేవారు. ఆ ప్రశ్నల వల్ల అరగంటలో ముగియాల్సిన సమావేశం గంట దాటేది. కొన్నాళ్లకు ఆమె ఆ పుస్తకం తేవడం మానేశారు. సమావేశాలు వేళకు ముగుస్తున్నాయని నేను సంతోషించాను. ఐదు నెలల తర్వాత ఆమె రాజీనామా లేఖ ఇచ్చినప్పుడు, సమస్య ఏదైనా ఉంటే ముందే చెప్పి ఉండాల్సింది కదా అన్నాను. "రెండుసార్లు చెప్పాను సార్. మూడోసారి చెప్పాలనిపించలేదు" అని ఆమె నెమ్మదిగా జవాబిచ్చారు.

ఎక్కువ జీతం కోసం వెళ్లారని ఆ సంస్థ రికార్డుల్లో నమోదైంది. ఆ నమోదు అబద్ధం కాదు, కొత్త చోట ఆమెకు నిజంగానే జీతం ఎక్కువ. కానీ వేరే ఉద్యోగం కోసం ఆమె వెతకడం మొదలుపెట్టింది జీతం కోసం కాదని నాకు తెలుసు. ఆర్థికశాస్త్రవేత్త ఆల్బర్ట్ హిర్ష్‌మన్ 1970లోనే ఈ సంగతిని వివరించారు. సంస్థ తీరు నచ్చనప్పుడు మనిషి ముందు రెండు దారులుంటాయి. ఒకటి గొంతు విప్పి చెప్పడం, రెండోది విడిచి వెళ్లిపోవడం. నాణ్యతను అందరికన్నా ఎక్కువగా పట్టించుకునేవారే ముందుగా వెళ్లిపోయే ప్రమాదం ఉందని కూడా ఆయన గుర్తించారు. కింద వివరించే పద్ధతులన్నీ ఆ మొదటి దారిని తెరిచి ఉంచడానికి ఉద్దేశించినవే. మీరు పదిమంది పనిచేసే చిన్న సంస్థను నడుపుతున్నా, పెద్ద సంస్థలో ఒక విభాగాన్ని చూసుకుంటున్నా వీటిని ఈ వారంలోనే మొదలుపెట్టవచ్చు.

1. ఎవరు మాట్లాడటం తగ్గించారో ముందు గమనించండి

ఒక కాగితం మీద మీ బృందంలోని అందరి పేర్లూ రాసుకోండి. ప్రతి పేరు ఎదుట మూడు ప్రశ్నలకు జవాబులు రాయండి. ఈ వ్యక్తి నాతో చివరిసారి ఎప్పుడు విభేదించారు? తనకు అప్పగించిన పనికి సంబంధం లేని విషయంలో చివరిసారి ఏ సూచన చేశారు? ఏడాది తర్వాత తాను ఏ పని చేస్తూ ఉండాలని కోరుకుంటున్నారు? ఈ కాగితాన్ని ఎవరికీ చూపించనవసరం లేదు కాబట్టి నిజాయితీగా రాయండి. జవాబు గుర్తుకురాని పేర్లు రెండు మూడైనా కనిపిస్తాయి. చాలాసార్లు ఆ పేర్లు ఏ ఇబ్బందీ పెట్టకుండా చెప్పిన పని చెప్పినట్టు చేసుకుపోయేవారివే అవుతాయి.

ఒకప్పుడు వాదించిన మనిషి ఇప్పుడు "మీ ఇష్టం" అంటున్నారంటే దాన్ని అంగీకారంగా తీసుకోకండి. రాబోయే ఆరు నెలల ప్రణాళిక గురించి మాట్లాడుతున్నప్పుడు "మనం" అనే మాట మాని "మీరు", "వాళ్లు" అంటున్నారా, కొత్తవారికి పని నేర్పడంలో ఇదివరకటి ఆసక్తి ఉందా, కొత్త బాధ్యత ఇస్తానంటే మర్యాదగా తప్పించుకుంటున్నారా అన్నవి చూడదగిన గుర్తులు. అయితే ఒక్క గుర్తును పట్టుకుని నిర్ధారణకు రావద్దు. ఇంట్లో అనారోగ్యమో, నిద్రలేమో, మరో కష్టమో కూడా మనిషిని మౌనంగా మార్చగలదు. సెలవుల లెక్కలు తిరగేయడం, సామాజిక మాధ్యమాల్లో ప్రొఫైల్ మార్చారేమోనని నిఘా పెట్టడం వంటివి అసలే వద్దు. అది బయటపడిన రోజున మిగిలిన నమ్మకం కూడా పోతుంది. ఈ జాబితా మీరు ముందుగా ఎవరితో కూర్చోవాలో తెలుసుకోవడానికి మాత్రమే.

2. సంభాషణకు ముందు జీతాల లెక్క సరిచేయండి

మనసు విప్పి మాట్లాడుకుంటే చాలు, జీతం తక్కువైనా మనుషులు నిలుస్తారని కొందరు యజమానులు నమ్ముతారు. నేను నమ్మను. ఫోర్డ్ మోటార్ కంపెనీలో 1913లో సిబ్బంది మార్పిడి రేటు 370 శాతానికి చేరింది. అంటే ఒక్కో స్థానంలోకి ఏడాదిలో సగటున మూడు నాలుగు సార్లు కొత్తవారిని తీసుకోవాల్సిన పరిస్థితి. 1914 జనవరిలో ఆ కంపెనీ రోజుకు 5 డాలర్ల వేతనాన్ని ప్రకటించి, పనివేళలను 9 గంటల నుంచి 8 గంటలకు తగ్గించింది. ఆ వేతనం అప్పటివరకు ఇస్తున్నదానికి రెట్టింపు కన్నా ఎక్కువ. 1915 నాటికి మార్పిడి రేటు 16 శాతానికి దిగివచ్చింది. జీతం చాలకపోతే మంచి మాటలు ఆ లోటును పూడ్చలేవు.

అలాగని జీతం ఒక్కటే మనిషిని కట్టిపడేయదు. మనస్తత్వవేత్త ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్, ఆయన సహచరులు దాదాపు 200 మంది ఇంజినీర్లను, అకౌంటెంట్లను ప్రశ్నించి 1959లో వెలువరించిన ఫలితాల సారాంశం ఇది: జీతం, సంస్థ నిబంధనలు, పర్యవేక్షణ తీరు సరిగా లేకపోతే అసంతృప్తి పుడుతుంది, అవి సరిగా ఉన్నంత మాత్రాన సంతృప్తి పుట్టదు. సంతృప్తి చేసిన పని నుంచి, దానికి దక్కిన గుర్తింపు నుంచి, అప్పగించిన బాధ్యత నుంచి వస్తుంది. దీనిపై తర్వాత చాలా చర్చ జరిగింది గానీ, మేనేజర్‌గా నా అనుభవం మాత్రం ఆ విభజనతో సరిపోయింది.

ఆచరణలో మీరు చేయాల్సింది ఇది. ఏడాదికి రెండుసార్లు, ఎవరూ అడగకముందే, ఒక్కో ఉద్యోగి జీతాన్ని అదే పనికి బయట ఇస్తున్న జీతంతో పోల్చి చూడండి. ముఖ్యంగా నిన్న చేరినవారి జీతం నాలుగేళ్లుగా అదే పని చేస్తున్నవారి జీతం కన్నా ఎక్కువగా ఉందేమో చూడండి. పాతవారిని ఇంతగా నొప్పించే విషయం మరొకటి నేను చూడలేదు, అది ఎప్పుడో ఒకప్పుడు వారికి తెలిసి తీరుతుంది. తేడా ఉంటే సరిచేయండి, సరిచేశాక కారణం చెప్పండి.

జీతాల వివరాలు అందరికీ వెల్లడించాలా అన్న ప్రశ్నకు మాత్రం తొందరపడవద్దు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ ఉద్యోగులపై డేవిడ్ కార్డ్, ఆయన సహ పరిశోధకులు చేసిన అధ్యయనం 2012లో వెలువడింది. సహోద్యోగుల జీతాలు తెలుసుకున్నవారిలో, తమ విభాగపు మధ్యస్థ జీతం (జీతాలను వరుసలో పేర్చితే సరిగ్గా మధ్యన వచ్చేది) కన్నా తక్కువ పొందుతున్నవారి సంతృప్తి తగ్గి, వేరే ఉద్యోగం చూసుకోవాలన్న ఆలోచన పెరిగింది. ఎక్కువ పొందుతున్నవారికి అదనపు సంతృప్తి ఏమీ కలగలేదు. అందువల్ల ముందు ఏ స్థాయికి ఎంత జీతం, ఏ ప్రాతిపదికన పెరుగుతుందో రాతలో పెట్టండి, దాన్ని సమర్థించుకోగలరో లేదో చూసుకోండి, ఆ తర్వాతే బయటపెట్టండి.

3. ప్రతి ఒక్కరికీ విడిగా అరగంట ఇవ్వండి

ఈ గైడులో ఒక్కటే పాటించే తీరిక మీకుంటే ఇదే పాటించండి. వారానికి ఒకసారి, వీలుకాకపోతే రెండు వారాలకు ఒకసారి, మీకు నేరుగా రిపోర్ట్ చేసే ప్రతి ఉద్యోగితో అరగంట ఏకాంతంగా కూర్చోండి. వన్ ఆన్ వన్ అని పిలిచే ఈ సమావేశాలు చాలా సంస్థల్లో పేరుకు ఉంటాయి. అయితే అవి పని ఎంతవరకు వచ్చిందో అడిగి రాసుకునే సమావేశాలుగా మారిపోతాయి. పని పురోగతి మెయిల్ ద్వారా తెలుస్తుంది, బృంద సమీక్షలో తెలుస్తుంది. ఈ అరగంటలో ఏం మాట్లాడాలో నిర్ణయించే హక్కు మాత్రం ఉద్యోగికే ఉండాలి. ఆ మాట మొదటి భేటీలోనే స్పష్టంగా చెప్పండి.

భేటీని రద్దు చేయకండి. తప్పనిసరైతే అదే వారంలో మరో సమయం మీరే సూచించండి. రెండుసార్లు వరుసగా రద్దయిందంటే తనకన్నా మీకు ముఖ్యమైనవి చాలా ఉన్నాయని అవతలి మనిషికి అర్థమైపోతుంది. మీకు రిపోర్ట్ చేసేవారు పదిహేను మంది ఉండి ఇంత సమయం కుదరదనుకుంటే, ఆ పదిహేను మందిని ఒకే మనిషి చూసుకోవడం సాధ్యం కాదని ముందు ఒప్పుకుని, బాధ్యతలను ఇద్దరికి పంచాలి.

ఇక ఎలా వినాలన్నది. షికాగో సమీపంలోని వెస్టర్న్ ఎలక్ట్రిక్ సంస్థ హాథార్న్ కర్మాగారంలో 1928 నుంచి 1930 వరకు 20,000 మందికి పైగా ఉద్యోగులను ఇంటర్వ్యూ చేశారు. మొదట్లో ముందే సిద్ధం చేసుకున్న ప్రశ్నలు అడిగారు. ఉద్యోగులు వాటికి ముక్తసరిగా జవాబిచ్చి తమ మనసులో ఉన్న వేరే విషయంలోకి వెళ్లిపోవడం గమనించి, పద్ధతి మార్చి, ఎవరికి ఏది ముఖ్యమనిపిస్తే దాని గురించే మాట్లాడనిచ్చారు. అంతకుముందు అరగంటలో ముగిసిన సంభాషణలు గంటకు పైగా సాగడం మొదలైంది. దాదాపు వందేళ్ల కిందటి ఈ అనుభవం ఇప్పటికీ పనికొస్తుంది.

ఒక ఉదాహరణ చూడండి. ఒకసారి నేను ఒక అకౌంటెంట్‌ను "అంతా ఎలా ఉంది?" అని అడిగాను. "బాగానే ఉంది సార్" అన్నారు. ఆ ప్రశ్నకు ఎవరైనా అదే జవాబు ఇస్తారు. అందుకని "ఈ రెండు వారాల్లో మీ సమయం ఎక్కడ వృథా అయిందనిపించింది?" అని మార్చి అడిగి ఊరుకున్నాను. ఆయన కాసేపు కిటికీ వైపు చూసి, నెలాఖరు నివేదికను నాలుగుసార్లు తిరగరాయాల్సి వచ్చిందన్నారు. "ఎవరు రాయమన్నారు?" అన్న ప్రశ్న నా నోటిదాకా వచ్చింది. అది అడిగి ఉంటే ఆయన ఎవరి మీదా ఫిర్యాదు చేయడం ఇష్టం లేక అక్కడితో ఆపేసేవారు. "మొదటి నుంచి చెప్పండి" అన్నాను. ఇద్దరు పై అధికారులు ఒకే నివేదికను రెండు రకాల నమూనాల్లో అడుగుతున్నారనీ, ఎవరినీ నొప్పించలేక ఆయన రెండూ తయారు చేస్తున్నారనీ, ఆ వారం మూడు రాత్రులు పిల్లలు నిద్రపోయాకే ఇంటికి చేరారనీ అప్పుడు బయటపడింది. నమూనా ఒకటే ఉండేలా చూడటానికి నాకు పట్టిన సమయం ఒక్క ఫోన్ కాల్. ఎనిమిది నెలలుగా ఆయన ఆ భారం మోస్తున్నారు.

అడిగిన తర్వాత మౌనం భరించడం ఇక్కడ అసలు నైపుణ్యం. మనసులో పది లెక్కపెట్టుకోండి. మధ్యలో పరిష్కారం చెప్పేయాలన్న తొందర వస్తుంది, ఆపుకోండి. ఉద్యోగి చెప్పినదాన్ని మీ మాటల్లో ఒకసారి తిరిగి చెప్పి "నాకు అర్థమైంది సరైనదేనా?" అని అడగండి. మీరు సర్దుబాటు చేయగలిగిన విషయం ఏదో, ఆయన ఊరికే చెప్పుకోవాలనుకున్నది ఏదో అప్పుడు తెలుస్తుంది. దూరం నుంచి పనిచేసేవారితో ఇదే పని ఫోన్‌లోనో వీడియోలోనో చేయవచ్చు, అయితే వారితో భేటీల మధ్య విరామం మరీ పెరగకుండా చూసుకోండి.

4. విన్నదానికి ఏడు రోజుల్లో జవాబివ్వండి

నా బృందంలోని ఆ ఇంజినీరు చెప్పిన విషయాన్ని నేను వినకపోలేదు. రెండుసార్లూ విన్నాను, తల ఊపాను, పై స్థాయికి చేరవేశాను కూడా. అక్కడ ఏమైందో మాత్రం ఆమెకు తిరిగి చెప్పలేదు. ఆమె వైపు నుంచి చూస్తే ఆ మాటలు గోడకు చెప్పినట్టే అయింది. అందువల్ల అడిగి వదిలేయడం కన్నా అసలు అడగకపోవడమే నయమని నేను అనుకుంటాను, ఎందుకంటే అడిగినప్పుడు ఒక ఆశ పుడుతుంది.

ప్రతి భేటీ తర్వాత ఉద్యోగి లేవనెత్తిన విషయాలను తేదీతో సహా రాసుకోండి. వారంలోగా వాటిలో ప్రతిదానికీ మూడింటిలో ఒక జవాబు చేరాలి. చేస్తాం, ఫలానా తేదీ లోపల చేస్తాం అన్నది మొదటిది. చేయలేం, కారణం ఇది అన్నది రెండోది. ఇంకా తేలలేదు, ఫలానా రోజున మళ్లీ చెబుతాను అన్నది మూడోది. మూడో జవాబు ఇచ్చాక ఆ రోజున కొత్త సంగతి ఏమీ లేకపోయినా సరే, లేదన్న మాటే వెళ్లి చెప్పండి.

రెండో జవాబు ఇవ్వడానికే మేనేజర్లు ఎక్కువగా వెనుకాడతారు. "చూద్దాం" అనడం ఆ క్షణానికి సులువు. కానీ సమర్థులైన మనుషులు కాదన్న మాటను తట్టుకోగలరు, కారణం సరైనదైతే గౌరవిస్తారు కూడా. ఈ ఏడాది బడ్జెట్‌లో కొత్త పరికరాలకు డబ్బు లేదని, ఉన్నదంతా ఫలానా పనికి కేటాయించామని లెక్క చూపించి చెబితే, వారు ఉన్నవాటితోనే మరో మార్గం ఆలోచిస్తారు. సంస్థ ఆర్థిక పరిస్థితి, పోగొట్టుకున్న ఒప్పందం, వాయిదా పడిన విస్తరణ లాంటివి వదంతిగా చేరకముందే మీ నోటితో చెప్పండి. చట్టరీత్యానో, మరొకరి వ్యక్తిగత విషయం కావడం వల్లనో చెప్పకూడనివి ఉంటాయి. అప్పుడు "ఈ విషయంలో నాకు తెలిసినదంతా చెప్పే వీలు లేదు" అని నేరుగా అనండి. తెలియదని మాత్రం అబద్ధమాడకండి.

5. చెడు కబురు తెచ్చినవారిని కాపాడండి

హార్వర్డ్ ఆచార్యులు ఎమీ ఎడ్మండ్‌సన్ 1990లలో ఆసుపత్రి నర్సింగ్ బృందాలను పరిశీలించినప్పుడు, మంచి నాయకత్వం ఉన్న బృందాల్లో మందుల పొరపాట్లు ఎక్కువగా కనిపించాయి. ఆమె ఊహించింది దీనికి విరుద్ధం. ఆరా తీస్తే అర్థమైందేమంటే, అక్కడి నర్సులు జరిగిన పొరపాటును దాచకుండా చెప్పగలుగుతున్నారు, మిగతా చోట్ల భయంతో దాచేస్తున్నారు. మాట్లాడినందుకు తనకు కీడు జరగదన్న ఈ భరోసాను ఆమె 1999 నాటి పరిశోధన పత్రంలో మానసిక భద్రత అన్న పేరుతో వివరించారు.

టయోటా కర్మాగారాల్లో ఆండన్ అనే ఏర్పాటు ఉంది. వాహనాలు తయారయ్యే లైను మీద పనిచేసే ఏ కార్మికుడైనా లోపం కనిపిస్తే తాడు లాగి హెచ్చరించవచ్చు. బృంద నాయకుడు వెంటనే అక్కడికి చేరుకుంటాడు, నిర్ణీత వ్యవధిలో సమస్య తేలకపోతే లైను ఆగుతుంది. తాడు ఉండటం కన్నా, లాగిన తర్వాత ఏం జరుగుతుందన్నది ఇక్కడ ముఖ్యం. లాగిన ప్రతిసారీ చీవాట్లు తినాల్సి వస్తే ఏ కార్మికుడూ తాడు జోలికి పోడు.

మీ కార్యాలయంలో ఆ తాడు మీ ముఖమే. ఎవరైనా వచ్చి "ఒక పొరపాటు జరిగింది" అన్నప్పుడు మీ నోటి నుంచి వచ్చే మొదటి వాక్యాన్ని ముందే నిర్ణయించుకుని ఉంచుకోండి. "వెంటనే చెప్పి మంచి పని చేశారు. ఇప్పుడు ఎక్కడిదాకా వచ్చింది?" అన్నది నేను అలవాటు చేసుకున్న వాక్యం. ఎందుకు జరిగిందన్న విచారణ ఆ తర్వాత చేయవచ్చు, చేయాలి కూడా. మానసిక భద్రత అంటే ఎవరినీ ఏమీ అనకపోవడం అని పొరబడవద్దు. నిర్లక్ష్యం వేరు, తెలియక జరిగిన పొరపాటు వేరు, కొత్త ప్రయత్నం విఫలమవడం వేరు. మూడింటినీ ఒకే గాటన కడితే బాగా పనిచేసేవారే ముందు నొచ్చుకుంటారు. పని చేయకుండా తప్పించుకునేవారిని ఏళ్లతరబడి ఉపేక్షించడం కూడా సమర్థులను వెళ్లగొట్టడమే, ఎందుకంటే ఆ పనిభారం చివరికి వారి మీదే పడుతుంది.

మీ సొంత పొరపాట్లను కూడా బృందం ముందు చెప్పండి. "తప్పులు అందరూ చేస్తారు" అన్న పొడి మాట సరిపోదు. ఫలానా గడువును నేను మిమ్మల్ని అడగకుండా ఒప్పుకున్నాను, దానివల్ల మీరు రెండు వారాంతాలు పని చేయాల్సి వచ్చింది, ఇకముందు మీతో మాట్లాడాకే తేదీ ఇస్తాను అన్నంత స్పష్టంగా చెప్పాలి. పేరు వచ్చిన చోట అసలు పని చేసినవారి పేరు చెప్పడం, నింద వచ్చిన చోట మీరు ముందు నిలబడటం దీనికి జోడింపుగా ఉండాలి. పై అధికారుల ముందు మీరు వారి పేరు ఎత్తారో లేదో ఉద్యోగులకు ఎలాగోలా తెలుస్తుంది.

6. భవిష్యత్తు గురించి విడిగా మాట్లాడండి

సంస్థలు వెళ్లిపోతున్నవారిని కూర్చోబెట్టి కారణాలు అడుగుతాయి. అవే ప్రశ్నలు ఉన్నవారిని అడిగితే ఇంకా సరిదిద్దే వ్యవధి ఉంటుంది. ఆరు నెలలకోసారి, పనితీరును మదింపు చేసే అప్రైజల్‌తో సంబంధం లేకుండా, ఒక గంట దీనికోసమే కేటాయించండి. అప్రైజల్‌లో జీతం, రేటింగ్ ముడిపడి ఉంటాయి కాబట్టి అక్కడ ఎవరూ మనసులో మాట చెప్పరు. ఉదయం పనికి బయల్దేరేటప్పుడు ఏ పని గుర్తొస్తే ఉత్సాహంగా ఉంటుంది? ఏ పని మీ చేతి నుంచి పోతే హాయిగా ఉంటుంది? చివరిసారి వేరే ఉద్యోగం గురించి ఆలోచించింది ఎప్పుడు, ఆ రోజున ఏం జరిగింది? ఈ మూడో ప్రశ్న అడగడానికి ధైర్యం కావాలి. విన్న జవాబును తర్వాత ఎప్పుడూ ఆ మనిషి మీద వాడనన్న మాట ఇచ్చి, నిలబెట్టుకోగలిగితేనే అడగండి.

ఎదుగుదల అంటే మేనేజర్ కావడమే అన్న పద్ధతి మీ సంస్థలో ఉంటే దాన్ని మార్చే ప్రయత్నం చేయండి. అద్భుతంగా డిజైన్ చేసే మనిషికి మనుషులను పర్యవేక్షించాలని ఉండకపోవచ్చు. అది తప్ప జీతం పెరిగే దారి లేదంటే ఇష్టం లేని కుర్చీలోనైనా కూర్చుంటారు, లేదా తమ పనికి విలువ ఇచ్చే చోటికి వెళ్తారు. నైపుణ్యంతోనే పై స్థాయికి చేరే మెట్లు వేరుగా ఏర్పరచి, ఆ మెట్లకు మేనేజర్లతో సమానమైన హోదా, జీతం ఇవ్వండి. చిన్న సంస్థలో పదవులు తక్కువైతే కొత్త బాధ్యతలు, శిక్షణ, నేరుగా ఖాతాదారులతో మాట్లాడే అవకాశం ఇవ్వవచ్చు. మీ బృందం నుంచి మరో బృందానికి మారాలని ఎవరైనా అడిగితే అడ్డుపడకండి. మీకు ఒక మంచి మనిషి తగ్గుతారు, సంస్థకు మాత్రం మిగులుతారు.

7. అభిప్రాయం ఏడాది చివరిదాకా దాచుకోవద్దు

మార్చిలో జరిగినదాన్ని డిసెంబరులో చెబితే ఎవరికీ ఉపయోగం లేదు. అడోబీ సంస్థ 2012లో వార్షిక రేటింగ్ పద్ధతిని రద్దు చేసి, ఏడాది పొడవునా జరిగే చెక్ ఇన్ సంభాషణలను తెచ్చింది. మీ సంస్థలో అప్రైజల్ ఉన్నా సరే, అందులో ఉద్యోగి మొదటిసారి వినే మాట ఒక్కటి కూడా ఉండకూడదని నియమం పెట్టుకోండి. లోపాన్ని ఏకాంతంగా, రెండు మూడు రోజుల్లోనే, జరిగిన సంఘటనను మాత్రమే పేర్కొంటూ చెప్పండి. మెచ్చుకోలు కూడా అంతే స్పష్టంగా ఉండాలి. "బాగా చేశారు" అన్నదాని కన్నా "ఖాతాదారుడు కోపంగా ఉన్నప్పుడు మీరు ఆ లెక్కలు ఓపికగా వివరించడం వల్ల ఒప్పందం నిలిచింది" అన్నది మనిషికి గుర్తుండిపోతుంది.

8. మధ్యస్థాయి మేనేజర్లను జాగ్రత్తగా ఎంచుకోండి

మీరు పైన ఎంత మంచి విధానాలు పెట్టినా, ఉద్యోగికి సంస్థ అంటే రోజూ ఎదురయ్యే తన మేనేజరే. గూగుల్ సంస్థ ప్రాజెక్ట్ ఆక్సిజన్ పేరుతో తన మేనేజర్ల తీరును అధ్యయనం చేసినప్పుడు, మంచి మేనేజర్లలో కనిపించే ఎనిమిది లక్షణాలను గుర్తించింది. జాబితాలో మొదటిది మంచి శిక్షకుడిగా ఉండటం, సాంకేతిక నైపుణ్యం ఎనిమిదోది. ఇంజినీర్లతో నిండిన సంస్థలోనే అలా తేలడం గమనించదగినది. బాగా పనిచేశారన్న కారణంతో మేనేజర్‌ను చేసేముందు, ఆ వ్యక్తి ఇద్దరు కొత్తవారికి కొన్ని నెలలు మార్గదర్శిగా ఉండి ఎలా వ్యవహరిస్తారో చూడండి. మేనేజర్ అయ్యాక వినడంలో, కష్టమైన విషయం చెప్పడంలో శిక్షణ ఇప్పించండి.

మీ కింది మేనేజర్ల దగ్గర పనిచేసేవారితో మూడు నెలలకోసారి మీరే నేరుగా మాట్లాడండి. అది మేనేజర్ మీద ఫిర్యాదులు సేకరించడానికి కాదని ఇద్దరికీ ముందే చెప్పండి. ఒక బృందం నుంచే ఏడాదిలో ముగ్గురు నలుగురు వెళ్లిపోతుంటే, ఆ మేనేజర్ లక్ష్యాలు ఎంత బాగా సాధిస్తున్నా సరే, కూర్చుని కారణం తెలుసుకోండి. మాట్లాడినా, శిక్షణ ఇచ్చినా మార్పు రాకపోతే ఆ బాధ్యత నుంచి తప్పించడానికి వెనుకాడకండి. ఈ నిర్ణయం ఆలస్యం చేసి నష్టపోయిన సంస్థలను నేను దగ్గరగా చూశాను.

9. రాజీనామా వచ్చినప్పుడు

ఎంత జాగ్రత్తగా ఉన్నా కొందరు వెళ్తారు. కుటుంబం కోసం, చదువు కోసం, మీరు ఇవ్వలేని అవకాశం కోసం వెళ్తారు. లేఖ చేతికి రాగానే ఎక్కువ జీతం ఇస్తామని కౌంటర్ ఆఫర్ చేయడం చాలామందికి అలవాటు. అసలు కారణం జీతం కానప్పుడు అది కొన్ని నెలల వాయిదా మాత్రమే అవుతుంది. పైగా లేఖ ఇస్తే తప్ప జీతం పెరగదన్న సంకేతం మిగతావారికి వెళ్తుంది. ముందు వినండి. మార్చగలిగినది నిజంగా ఉంటే, దాన్ని మారుస్తామన్న మాటను రాతపూర్వకంగా ఇచ్చి, ఆలోచించుకోవడానికి రెండు రోజులు ఇవ్వండి. వద్దంటే బతిమాలవద్దు, నోటీసు గడువులో చులకనగా చూడవద్దు. వెళ్తున్న మనిషిని మీరు ఎలా సాగనంపుతున్నారో ఉన్నవారందరూ చూస్తుంటారు. ఆ వారంలోనే బృందాన్ని సమావేశపరిచి, ఎవరి పని ఎవరికి వెళ్తుందో, కొత్తవారు ఎప్పుడు వస్తారో, అంతవరకు ఏ పనులు ఆపుతున్నామో చెప్పండి. ఏదీ ఆపకుండా అంతా మిగిలినవారి మీద వేస్తే రెండో రాజీనామాకు మీరే దారి వేసినట్టు.

వెళ్లేముందు కారణాలు అడిగే ఎగ్జిట్ ఇంటర్వ్యూను ఆ ఉద్యోగి నేరుగా రిపోర్ట్ చేసిన మేనేజర్ కాకుండా వేరొకరు చేయాలి. అప్పుడు కూడా రిలీవింగ్ లెటర్, బకాయిలు, రేపటి రెఫరెన్సు మనసులో ఉంటాయి కాబట్టి పూర్తి నిజం వస్తుందని ఆశించకండి. ఆరు నెలల తర్వాత ఒకసారి ఫోన్ చేసి, యోగక్షేమాలు అడిగి, ఇక్కడ ఏది వేరుగా ఉండి ఉంటే మీరు ఆగేవారు అని అడగండి. నోటు పుస్తకం తెచ్చుకునే ఆ ఇంజినీరుతో నేను అలా మాట్లాడాను. పరీక్షలకు నాలుగు రోజులు అదనంగా ఇస్తామన్న ఒక్క హామీ వచ్చి ఉంటే వేరే చోటు చూసేదాన్ని కాదని ఆమె చెప్పారు. అలాంటి జవాబు మీకు దొరికినప్పుడు మొదట రాసుకున్న పేర్ల జాబితాను మళ్లీ తీయండి. అదే ఇబ్బంది ఇంకా ఎవరెవరికి ఉందో గుర్తించి, వారి తర్వాతి అరగంటలో ఆ విషయం మీరే ఎత్తండి.